మ్యాడ్ కౌ కేసు: 81 ఆవుల కోసం వెతికితే 29 మాత్రమే ఎందుకు దొరికాయి?

అడిగినవారు: చిత్తూరు_పాడి

ఆహార భద్రత పరీక్షకు పశువుల ట్రేసింగ్ (ఏ పశువు ఎక్కడ పుట్టి ఎటు వెళ్ళిందో ఆచూకీ తీయడం) మీద నోట్సు రాసుకుంటూ 2003 నాటి అమెరికా కేసు దగ్గర ఆగిపోయాను. వాషింగ్టన్ రాష్ట్రం మాబ్టన్ దగ్గర ఒక హోల్‌స్టీన్ పాడి ఆవు. డిసెంబరు 9న కోశారు, 23న మెదడు పరీక్షలో బీఎస్ఈ, అంటే మ్యాడ్ కౌ జబ్బు అని తేలింది, 25న ఇంగ్లండులోని వేబ్రిడ్జ్ ల్యాబ్ ఖాయం చేసింది. అది కెనడాలోని అల్బర్టాలో పుట్టిందనీ, 2001 సెప్టెంబరులో మరో 80 ఆవులతో కలిసి సరిహద్దు దాటిందనీ తెలిసింది. 2004 ఫిబ్రవరి 9న దర్యాప్తు ముగించేనాటికి ఆ 81లో ఖచ్చితంగా ఆచూకీ దొరికినవి ఈ ఆవుతో కలిపి 29.

చెవికి ట్యాగులున్న పాడి ఆవులు, రెండేళ్ళు కూడా పెద్దగా దాటలేదు. మిగతా 52 ఎటు పోయాయి? అవి దొరక్కుండానే మాంసానికి భయం లేదని ఏ ధైర్యంతో చెప్పారు? ఒక్క ఆవు కోసం 10,410 పౌండ్ల మాంసం ఎందుకు వెనక్కి పిలిచారు? పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చెబితే బావుంటుంది.

జవాబు 1: పల్నాటి_వెటర్నరీ

ముందు లెక్క సరిచూసుకోండి. 81 అంటే జబ్బు అనుమానం ఉన్న ఆవుల సంఖ్య కాదు, ఒకే ఆరోగ్య ధ్రువపత్రం మీద వచ్చిన ఆవుల సంఖ్య. అసలు గట్టిగా వెతకాల్సినవి అందులో 25.

బీఎస్ఈ గాలికుంటు లాగా పక్క పశువుకి అంటుకునేది కాదు. ఒకే కొట్టంలో కట్టినా, ఒకే తొట్టిలో నీళ్ళు తాగినా రాదు. దూడగా ఉన్నప్పుడు తిన్న దాణాలో, జబ్బు పశువు మెదడు, వెన్నుపాము కలిసిన మాంసం-ఎముకల పొడి ఉంటే వస్తుంది. బయటపడటానికి సగటున నాలుగైదేళ్ళు. అందుకే అప్పటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నిబంధనల్లో వెతకాల్సిన పశువులంటే ఇవే: జబ్బు ఆవు పుట్టిన మందలోనే, దానికి 12 నెలలు అటూ ఇటూ పుట్టినవి, లేదా మొదటి ఏడాది దానితో కలిసి పెరిగి అదే దాణా తిన్నవి. మాబ్టన్‌లో పక్కన నిలబడి పాలిచ్చిన ఆవులతో పెద్దగా పని లేదు, అల్బర్టాలో 1997 ప్రాంతంలో పుట్టిన తోటి దూడలతోనే పని. ఆ ఆవు 1997 ఏప్రిల్‌లో పుట్టింది, ఉత్తర అమెరికాలో దాణా నిషేధం వచ్చింది ఆ ఏడాది ఆగస్టులో. నాలుగు నెలల తేడా.

ఆ 25లో 14 దొరికాయి. పాడి ఫారాల్లో ఏటా పాలు తగ్గినవీ, చూడి నిలవనివీ తీసేస్తారు కదా. ఆ మామూలు లెక్క ప్రకారం అప్పటికి పదకొండో ఎన్నో బతికి ఉండాలని అధికారుల అంచనా. అంచనా కంటే ఎక్కువే దొరికాయి కాబట్టి దర్యాప్తు బాగానే సాగినట్టు చెప్పుకున్నారు. నా దృష్టిలో ఆ మాటలోనే తిరకాసు ఉంది. మిగిలినవి చాలావరకు అంతకుముందే ఏదో ఒక కబేళాకు వెళ్ళిపోయి ఉంటాయని దాని అర్థం.

ఎలా మాయమవుతాయంటే, ఆరోగ్య ధ్రువపత్రం మీద ఉండేది కెనడా ట్యాగు నంబరు. కొత్త ఫారంలో దిగగానే ఆ ఆవుకి ఫారం నంబరు వస్తుంది, మెడకో చెవికో ఇంకో ప్లాస్టిక్ ట్యాగు పడుతుంది. పాల కంప్యూటరులో ఉండేది ఈ కొత్త నంబరే. పాతదానికీ కొత్తదానికీ లంకె ఎవరూ రాసి ఉంచకపోతే, కెనడా ట్యాగు కంచెకు తగులుకుని ఊడిన రోజే ఆ ఆవు గతం పోయినట్టు. తర్వాత అది సంతలో చేతులు మారుతుంది, సంతవాళ్ళు ఒక అంటింపు నంబరు వీపున వేస్తారు, కబేళాలో ఆ నంబరు తోలుతో పాటే పోతుంది. అప్పట్లో అమెరికాలో వీటన్నిటినీ కలిపి చూపే జాతీయ డేటాబేస్ లేదు. కొనుగోలు చీటీలు, లారీ బిల్లులు, పాల రికార్డులు పట్టుకుని ఒక్కో ఫారం గేటు దాటి వెతకాల్సి వచ్చింది.

ట్యాగు లేకపోతే ఏమవుతుందో ఆ కేసులోనే చూడొచ్చు. ఆ ఆవు చివరి ఈతలో పుట్టిన కోడెదూడను దగ్గర్లోని దూడల ఫారానికి అమ్మారు. దానికి ట్యాగు లేదు. ఏది దాని దూడో తేల్చలేక, ఆ ఫారంలోని ఇంచుమించు 450 దూడలనూ చంపేశారు. పెద్ద ఆవుల విషయంలోనూ అంతే. వాషింగ్టన్, ఒరెగన్, ఐడాహోల్లో పది చోట్ల, అల్బర్టా మంద నుంచి వచ్చినవి అయ్యుండొచ్చు అనుకున్న 255 ఆవులను చంపి పరీక్షించారు. అన్నీ నెగటివే.

మీ రెండో ప్రశ్న మాంసం సంగతి. దానికి కబేళా లోపల పనిచేసేవాళ్ళు చెబితేనే సరిగ్గా ఉంటుంది.

జవాబు 2: కత్తిపీట

చెబుతాను. ట్రేసింగుకీ మీ కంచంలోని మాంసానికీ నేరుగా సంబంధం చాలా తక్కువ. కంచాన్ని కాపాడేది కోత దగ్గర తీసిపారేసే భాగాలు.

ఈ జబ్బు తెచ్చే, ప్రియాన్ అనే వంకరపోయిన ప్రొటీను ఒళ్ళంతా సమంగా ఉండదు. ముదిరిన పశువులో ఎక్కువ భాగం మెదడులో, వెన్నుపాములో, వాటికి ఆనుకున్న నరాల ముడుల్లో ఉంటుంది. కండలో, పాలలో కాదు. అందుకని 2004 జనవరి నుంచి అమెరికాలో 30 నెలలు, ఆపైన వయసున్న పశువుల పుర్రె, మెదడు, కళ్ళు, వెన్నుపాము, వెన్నెముక, దాని పక్కన నరాల ముడులు ఆహారంలోకి రాకూడదు. తోక ఎముకల్లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు. టాన్సిల్సు, చిన్నపేగు చివరి భాగం అయితే ఏ వయసు పశువువైనా పనికిరావు. లేవలేక పడిపోయిన పశువుల్ని మనుషుల తిండికి కోయడం కూడా అప్పుడే ఆపేశారు. తలలోకి గాలి కొట్టి స్పృహ తప్పించే తుపాకులు నిషేధించారు. వాటి దెబ్బకు మెదడు తునకలు రక్తంలో పడి ఊపిరితిత్తుల దాకా చేరేవి.

తప్పులు జరిగే చోట్లు చెబుతాను, నోట్సులో రాసుకోండి.

మొదటిది వయసు. కాగితం లేకపోతే పళ్ళు చూస్తారు. మన సంతల్లో రెండు పళ్ళది, నాలుగు పళ్ళది అంటామే, అదే లెక్క. పాలపళ్ళు పోయి వచ్చిన మొదటి జత దాటి, రెండో జతలో ఒక్క పన్ను చిగురు చీల్చుకుని బయటికొచ్చినా ఆ పశువుకు 30 నెలలు నిండినట్టే లెక్క. కొన్ని పశువులకు పళ్ళు ముందే వస్తాయి, అప్పుడు నష్టం యజమానిది. ఆలస్యంగా వచ్చేవాటితో నష్టం తినేవాడిది. పుట్టినతేదీ కాగితం నమ్మదగ్గదైతే ఈ గొడవే లేదు. ట్రేసింగు కబేళాలో నేరుగా అక్కరకొచ్చేది ఇక్కడే.

రెండోది రంపం. కళేబరాన్ని నిలువునా రెండు చేసేటప్పుడు రంపం వెన్నుపాము మీదుగానే పోతుంది. రంపం పళ్ళలో చిక్కుకున్న పీచు తర్వాతి కళేబరానికి అంటుతుంది. అందుకే 30 నెలలు దాటినవాటిని పూట చివర్లో కోయడమో, వాటికి వేరే రంపం, వేరే కత్తులు పెట్టడమో చేస్తారు. వేడినీళ్ళ కడుగుడు బ్యాక్టీరియాకు సరిపోతుంది, ప్రియానుకు చాలదు. ఇక్కడ చేసే కడుగుడు పీచును భౌతికంగా వదిలించడానికే. వంటవేడి కూడా దాన్ని ఏమీ చేయలేదు, కాబట్టి బాగా ఉడికిస్తే పోతుందనే మాట నమ్మకండి. రెండరింగ్ ప్లాంట్లకు, అంటే కబేళా వ్యర్థాలను ఉడికించి కొవ్వు, పొడి తీసే చోట్లకు, యూరప్ పెట్టిన కొలత 50 మిల్లీమీటర్ల ముక్కలు, 133 డిగ్రీలు, 3 బార్ల పీడనం, 20 నిమిషాలు. అది కూడా బలం తగ్గిస్తుందే కానీ మొత్తం పోగొడుతుందని ఎవరూ పూచీ పడరు.

మూడోది మీరు అడిగిన 10,410 పౌండ్లు. కోతకు ముందు ప్రతి పశువుకూ ఒక నంబరు ఉంటుంది. తలకూ కళేబరానికీ ఒకే నంబరు చీటీ తగిలించి, తనిఖీ పూర్తయ్యేదాకా రెంటినీ జతగా నడుపుతారు. ఎముక తీసే బల్ల మీదికి వెళ్ళిన క్షణం నుంచి ఆ నంబరు ఉండదు. ముక్కలు, కొవ్వు, తునకలు పెద్ద డబ్బాల్లో కలిసిపోతాయి. కైమాకు వెళ్ళేవి ఇంకా కలుస్తాయి. అక్కడి నుంచి లెక్క ‘ఏ ఆవు’ అని కాదు, ‘ఏ పూట’ అని. యంత్రాలు పూర్తిగా కడిగిన ఒక సమయం నుంచి మళ్ళీ కడిగే సమయం దాకా ఒకే లాటు. డిసెంబరు 9న ఆ కబేళాలో కోసిన 20 పశువుల మాంసమంతా ఒక మూటగా వెనక్కి పిలవాల్సి రావడానికి అదే కారణం. ఆ ఆవు మెదడు, వెన్నుపాము రెండరింగుకు వెళ్ళాయి, మనుషుల తిండిలోకి రాలేదు. కాబట్టి ఆ రీకాల్ ముందుజాగ్రత్తే.

అసలు సిగ్గుపడాల్సింది వేరే ఉంది. నమూనా తీసి ల్యాబుకు పంపి, ఫలితం రాకముందే మాంసాన్ని వదిలేశారు. రెండు వారాల తర్వాత ఫలితం వచ్చేసరికి అది పలు రాష్ట్రాల్లోని కొట్లకు చేరిపోయింది. ఆ డిసెంబరు 30న మార్చిన నియమాల్లో, పరీక్షకు నమూనా ఇచ్చిన కళేబరం నెగటివ్ వచ్చేదాకా శీతలగది దాటకూడదని పెట్టారు. నన్నడిగితే ఆ ఒక్క నియమం వెయ్యి ట్యాగుల పెట్టు.

జవాబు 3: లీసెస్టర్_తెలుగోడు

బ్రిటన్ సంగతి లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. జబ్బును 1986లో గుర్తించింది అక్కడే, లక్షా ఎనభై వేలకు పైగా పశువులకు వచ్చింది అక్కడే. 1996 మార్చి 20న మనుషుల్లో కొత్తరకం సీజేడీ అనే ప్రాణాంతక మెదడు జబ్బుకీ దీనికీ సంబంధం ఉండొచ్చని పార్లమెంటులో ఒప్పుకున్నాక వ్యవస్థ మొత్తం మార్చేశారు. ఆ ఏడాది జులై 1 నుంచి పుట్టిన ప్రతి దూడకూ పాస్‌పోర్టు, 1998 సెప్టెంబరు నుంచి కంప్యూటర్ ట్రేసింగ్.

పద్ధతి ఇది. దూడ పుట్టిన 20 రోజుల్లో రెండు చెవులకూ ఒకే నంబరుతో ట్యాగులు. పాడి దూడకైతే మొదటిది 36 గంటల్లోనే పడాలి. నంబరులో దేశం అక్షరాల తర్వాత ఆరంకెల మంద గుర్తు, ఒక తనిఖీ అంకె, ఐదంకెల పశువు నంబరు. తనిఖీ అంకె ఉండటం వల్ల చేత్తో రాసేటప్పుడు ఒక అంకె తప్పుపడితే కంప్యూటరు పట్టేస్తుంది. పుట్టిన 27 రోజుల్లోపు పాస్‌పోర్టుకు దరఖాస్తు. పశువు గేటు దాటితే పంపినవాడూ, దింపుకున్నవాడూ ఇద్దరూ మూడు రోజుల్లో చెప్పాలి. ఊడిన ట్యాగు 28 రోజుల్లో మళ్ళీ అదే నంబరుతో వేయాలి.

ఇక్కడ కొరడా ఏమిటంటే, గడువు దాటి దరఖాస్తు పెడితే పాస్‌పోర్టు ఇవ్వరు. పాస్‌పోర్టు లేని పశువు బతకొచ్చు, పాలివ్వొచ్చు, కానీ మనుషుల తిండి గొలుసులోకి జన్మలో రాలేదు. కళ్ళముందు ఆవు ఉంటుంది, అమ్మితే పైసా రాదు. జరిమానా కట్టి తప్పించుకునే దారి లేదు కాబట్టే రైతులు 27వ రోజు దాటనివ్వరు.

మళ్ళీ చిత్తూరు_పాడి

అందరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం. ఇంత తంటా ఎందుకు, కోసిన ప్రతి పశువు మెదడూ పరీక్షిస్తే సరిపోదా? 2001లో కేసు వచ్చాక జపాన్ అదే చేసింది కదండీ.

జవాబు 4: ఓబెక్స్

చేసింది. అది జనం నమ్మకం నిలబెట్టడానికి పనికొచ్చింది, జబ్బు పట్టడానికి అంతగా కాదు.

నమూనా తీసేది మెదడు కాండం అడుగున ఓబెక్స్ అనే చోట. తల తెగ్గోశాక వెన్నుపాము దూరే పెద్ద రంధ్రంలోంచి పొడుగు చెంచా పోనిచ్చి తీస్తారు. రెండు వేళ్ళ వెడల్పు తేడాతో పక్కది తీస్తే జబ్బున్న పశువు కూడా నెగటివ్ రావొచ్చు. ఎండలో చచ్చి కుళ్ళినదాంట్లో ఆ చోటే గుర్తుపట్టలేం. సగం ఫార్మలిన్‌లోనూ, సగం మామూలుగా చల్లగానూ ఉంచాలి. మొత్తం ఫార్మలిన్‌లో ముంచి పంపితే త్వరిత పరీక్ష చేయలేరు. తొందరగా ఫలితమిచ్చే ఎలైజా పాజిటివ్ అంటే కేసు తేలిపోయినట్టు కాదు, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ లేదా వెస్టర్న్ బ్లాట్ అనే ఇంకో ల్యాబు పరీక్ష ఖాయం చేయాలి.

అసలు చిక్కు కాలం. దూడ తిన్న ప్రియాన్ మెదడుకు చేరి పరీక్షకు అందేంతగా పేరుకునేది లక్షణాలు కనపడే ముందు కొన్ని నెలల్లోనే. రెండేళ్ళ పశువులో నెగటివ్ వస్తే అది జబ్బు తెచ్చుకోలేదని కాదు, ఇంకా అందలేదని. అందుకే జపాన్ తప్పనిసరి పరీక్ష వయసును 2013లో 48 నెలలకు పెంచి, 2017లో ఆరోగ్యంగా కోతకొచ్చే పశువుల పరీక్షే ఆపేసింది. పరీక్షలు ఎక్కడ పెట్టాలంటే, లేవలేనివి, తూలేవి, కొట్టంలో చచ్చినవి, ముసలివి. వెయ్యి కుర్ర కోడెల కంటే ఇవి పది ఎక్కువ చెబుతాయి.

నమూనా తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఏం లాభం లేదనడానికి కెనడాలోనే పుట్టిన ఆవుల్లో మొదటి కేసు చూడండి. ఆవును కోసింది 2003 జనవరి 31న. ఒళ్ళు బాగాలేదని మాంసం తినడానికి పనికిరాదన్నారు, కానీ కళేబరం రెండరింగుకు వెళ్ళింది. తల ల్యాబులో వరసలో పడి ఉంది. కేసు ప్రకటించింది మే 20న. తర్వాత 2,700కు పైగా పశువులను చంపారు, ఇంకొక్క కేసు కూడా రాలేదు.

జవాబు 5: దాణామిల్లు

అందరూ ఆవు చుట్టూ తిరుగుతున్నారు. తప్పు ఆవుది కాదు, దాణాది. ట్రేసింగు చివరికి తేల్చాల్సింది ‘ఏ మిల్లు, ఏ బ్యాచి’ అని.

ఎంత తక్కువ చాలునో ముందు వినండి. ఇంగ్లండులో చేసిన ప్రయోగంలో జబ్బు మెదడు ఒక మిల్లీగ్రాము తినిపించినా దూడకు జబ్బు వచ్చింది. టన్ను దాణా మిక్సరు మూలల్లో, బకెట్ ఎలివేటరు అడుగున మిగిలే ధూళి కిలోల్లో ఉంటుంది. 1988లో బ్రిటన్ ఆవుల దాణాలో మాంసం-ఎముకల పొడి నిషేధించింది కానీ పందులకూ కోళ్ళకూ వదిలేసింది. ఒకే మిల్లు, ఒకే మిక్సరు, ఒకే లారీ. ఫలితం, నిషేధం తర్వాత పుట్టిన పశువుల్లోనే 40 వేలకు పైగా కేసులు. 1996లో ఏ పెంపుడు పశువుకూ పెట్టకూడదన్నాకే ఆ తోక చాలావరకు తెగింది.

మిల్లులో చేసే పని ఇదీ: నిషిద్ధ ముడిసరుకు అసలు తెచ్చుకోకపోవడం అన్నిటికంటే సుఖం. తప్పదంటే వేరే లైను. అదీ లేదంటే వరసక్రమం. నిషిద్ధ సరుకున్న కోళ్ళ దాణా తర్వాత మొక్కజొన్న నూకతో యంత్రం కడిగి, ఆ నూకను మళ్ళీ కోళ్ళకే వాడి, ఆ తర్వాతే ఆవుల దాణా. కడిగిన నూక ఎంత, ఎప్పుడు, ఎటు వెళ్ళిందో రాయాలి. సాధారణంగా తప్పేది ఆ చివరి మాటే. కడిగిన నూకను పారేయడం ఇష్టంలేక ఏదో ఒక బిన్నులో పోసేస్తారు.

ఇక రికార్డులు. అమెరికా దాణా నియమం ప్రకారం వాటిని ఉంచాల్సింది కనీసం ఒక ఏడాది. జబ్బు బయటపడేది ఐదేళ్ళకు. ఆరున్నరేళ్ళ ఆవుకు జబ్బు తేలిన నాడు అది దూడగా తిన్న బస్తా బిల్లు చట్టప్రకారమే చెత్తబుట్టలో ఉంటుంది. కెనడా దీన్ని పదేళ్ళు చేసింది. 2007 జులై నుంచి మెదడు, వెన్నుపాములాంటి ప్రమాదకర భాగాలను ఏ జంతువు దాణాలోనూ, కుక్కల తిండిలోనూ, ఎరువులోనూ కూడా కలపకూడదంది. చిత్తూరు గారూ, మీ నోట్సులో ‘ట్రేసింగ్’ శీర్షిక కింద చెవి ట్యాగు కంటే ముందు ఈ బిల్లుల గడువు రాయండి.

జవాబు 6: పల్నాటి_వెటర్నరీ

దాణామిల్లు గారి మాట నిజం, ఒక సవరణతో. ఇటీవల వచ్చే కేసులు చాలావరకు దాణా వల్ల వచ్చేవి కావు. ముసలి ఆవుల్లో దానంతటదే పుట్టే ఎటిపికల్ రకం. 2012 కాలిఫోర్నియా, 2018 ఫ్లోరిడా, 2023 దక్షిణ కరోలినా కేసులు అవే. వాటికి తోటి దూడల్ని వెతికినా దొరికేదేమీ ఉండదు. కానీ ఏ రకమో ల్యాబు తేల్చేదాకా ఆ ఆవు పుట్టుక తెలియాల్సిందే. 2006 అలబామా కేసులో ఎంత తిరిగినా అది పుట్టిన మంద దొరకనే లేదు.

అమెరికాలో 2024 నవంబరు 5 నుంచి, రాష్ట్రం దాటే పాడి పశువులన్నిటికీ, 18 నెలలు దాటి బీజం కొట్టని మాంసపు పశువులకూ వేసే అధికారిక ట్యాగు యంత్రం కూడా చదవగలిగేదై ఉండాలి. 18 నెలల లోపు మాంసపు కోడెలకూ, నేరుగా కోతకు పోయేవాటికీ వర్తించదు.

మన దగ్గర బీఎస్ఈ కేసు లేదు, ప్రపంచ సంస్థ లెక్కలో భారతదేశం అతి తక్కువ ప్రమాదం ఉన్న వర్గంలో ఉంది. చెవికి వేసే పసుపు ట్యాగు 12 అంకెలది, కంటితో చదివేది. టీకాలకు, బీమాకు, కృత్రిమ గర్భధారణకు పనికొస్తుంది. సంతలో ఆవు అమ్ముడైనప్పుడు కొత్త యజమాని పేరు, ఊరు ఆన్‌లైన్‌లో మార్పించకపోతే ఆ నంబరు పాత కొట్టంలోనే ఉండిపోతుంది. 2003లో ఆ 52 ఆవులు జారిపోయిన సందు లాంటిదే ఇదీ. మారుబేరం జరిగిన రోజే గోపాలమిత్రతోనో, పశువైద్యశాలలోనో మార్పించుకోమని చెప్పండి. ట్యాగు ఊడితే కొత్త నంబరు వేసేటప్పుడు పాత నంబరుతో లంకె పెట్టమనాలి, లేకపోతే కంప్యూటరులో అది ఇంకో ఆవు అవుతుంది.

పాలు, పాలపొడి, తోలు నుంచి తీసిన జెలటిన్ సంగతి ఎవరైనా అడిగితే, బీఎస్ఈ ఉన్న దేశం నుంచి వచ్చినా వాటి మీద ఆంక్ష అక్కర్లేదని అంతర్జాతీయ నియమం.